ఇంటి దగ్గర గ్యాస్ బావి ఉంటే కొనవచ్చా? ఉత్తర టెక్సస్‌లో మూడు ఇళ్ల పోలిక

డాలస్ చుట్టుపక్కల నెలల తరబడి ఇళ్లు చూసి చూసి మా తమ్ముడు చివరికి మూడింటి దగ్గర ఆగాడు. ఒక రాత్రి ఫోనులో ఒక మ్యాపు పంపి, "అన్నయ్యా, మూడో ఇంటి కింద నుంచే గ్యాస్ బావి పోతోంది. అది వదిలేస్తున్నాం" అన్నాడు. చూస్తే నిజమే, ఆ ఇంటి మీదుగా సన్నని గీత ఒకటి ఉంది. కాకపోతే ఆ గీత బయలుదేరిన చుక్క ముప్పావు మైలు అవతల ఉంది. వాడికి బాగా నచ్చిన మొదటి ఇంటి కింద ఏ గీతా లేదు. దాని పెరటి కంచెకు 400 అడుగుల దూరంలో, ఎత్తైన గోడ వెనక, చుక్కలు గుంపుగా ఉన్నాయి. గీత అంటే భూమిలో మైలుకు పైగా లోతున అడ్డంగా పోయే గొట్టం. చుక్క అంటే భూమి మీద ఉండే బావి ముఖం, ట్యాంకులు, లారీలు. గీతను చూసి భయపడి చుక్కను వదిలేశాడన్నమాట. ఇళ్లు చూసేవాళ్లలో చాలామంది చేసేది ఇదే.

ఆ మూడు ఇళ్లూ ఇవి. మొదటిది డెంటన్ దక్షిణాన కొత్త కాలనీలో పెద్ద ఇల్లు, నగరపాలక నీళ్లు, ఆ సైజుకు ఆశ్చర్యపోయేంత తక్కువ ధర. రెండోది పార్కర్ కౌంటీలో రెండెకరాల స్థలం, సొంత నీటి బోరు, పైగా "మినరల్ రైట్స్ కూడా వస్తాయి" అని (అంటే నేల కింది ఖనిజాల మీద హక్కు) ప్రకటనలో పెద్ద అక్షరాలు. మూడోది కెల్లర్ వైపు ఇరవై ఏళ్ల నాటి ఇల్లు, కొంచెం చిన్నది, కొంచెం ఖరీదు, నగరపాలక నీళ్లు. మీరు ప్లానో, మెకిన్నీ, తూర్పు ఫ్రిస్కోలలో కొంటుంటే ఇక్కడే ఆపేయవచ్చు. బార్నెట్ షేల్ (లోతున గ్యాస్ దాచుకున్న పొరల రాయి) గ్యాస్ ప్రాంతం ప్రధానంగా డెంటన్, వైజ్, టారంట్, జాన్సన్, పార్కర్ కౌంటీలది. కాలిన్ కౌంటీ వాళ్లకు ఈ తలనొప్పి దాదాపు లేదు.

లోపల జరిగేది, బయట మిగిలేది

ఈ షేల్ రాయిలో గ్యాస్ ఉందని ముందునుంచీ తెలుసు. బయటకు తీయడమే తెలియలేదు. టెక్సస్ గ్యాస్ వ్యాపారి జార్జ్ మిచెల్ కంపెనీ ఏళ్ల తరబడి ప్రయత్నించి, 1997-98లో చిక్కటి జెల్ మానేసి పలచటి నీళ్లతో, కొద్దిపాటి ఇసుకతో రాయిని పగలగొట్టడం ఫలిస్తుందని తేల్చింది. నేటి ఫ్రాకింగ్‌కు మూలం అదే. సుమారు 7,000 అడుగులు నిలువుగా తవ్వి, అక్కడి నుంచి అడ్డంగా తిప్పి, ఉక్కు గొట్టం దింపి, చుట్టూ సిమెంటు పోస్తారు. గొట్టానికి చిల్లులు పెట్టి తీవ్రమైన ఒత్తిడితో నీళ్లు, ఇసుక, కొద్ది శాతం రసాయనాలు పంపుతారు. బార్నెట్‌లో ఒక్కో బావికి ముప్పై నలభై లక్షల గ్యాలన్ల నీళ్లు పట్టేవి. రాయి పగులుతుంది, ఆ పగులు మూసుకోకుండా ఇసుక నిలబెడుతుంది, గ్యాస్ కారుతుంది.

ఆ పగలగొట్టే పని కొద్ది రోజులు, మహా అయితే కొద్ది వారాలు. గ్యాస్ వచ్చేది ఇరవై ఏళ్లకు పైనే. వార్తల్లో వినిపించే మాటంతా ఆ కొద్ది రోజుల గురించి. ఇల్లు కొన్నవాడు కాపురం చేసేది మిగిలిన ఇరవై ఏళ్లతో. పగుళ్లు పైకి పాకేది సాధారణంగా కొన్ని వందల అడుగులే. ఇక్కడ జనం నీళ్లు తోడుకునే ట్రినిటీ జలాశయం అంతకు వేల అడుగుల పైన ఉంది. మధ్యలో అంత రాయి ఉండగా ఆ పగుళ్ల గుండా రసాయనాలు మీ కుళాయిలోకి వస్తాయన్నది నేను పెద్దగా లెక్కలోకి తీసుకోని భయం. లెక్కలోకి తీసుకునేవి వేరే ఉన్నాయి: గొట్టం చుట్టూ సిమెంటు సరిగా పట్టకపోవడం, నేల మీద ఒలికిపోవడం, ట్యాంకుల నుంచి లీకయ్యే ఆవిరి, గ్యాస్‌ను పైపుల్లోకి నెట్టే కంప్రెసర్ల పొగ, లారీల డీజిలు, తిరిగి వచ్చిన ఉప్పునీటిని పారబోసే తీరు.

మాది కోనసీమ. 1995 జనవరిలో పాశర్లపూడి బావి అంటుకుని 65 రోజులు మండింది. అందుకే గ్యాస్ బావి పక్కన ఇల్లు అనగానే మా అమ్మ ఫోనులోనే దండం పెట్టేసింది. 2014లో అక్కడే నగరం అనే ఊళ్లో ప్రాణాలు తీసింది గ్యాస్ పైపులైను. ఈ రెండింటిలో ఏదీ ఫ్రాకింగ్ వల్ల జరిగింది కాదు. అయినా అమ్మ భయంలో తప్పు లేదు. అక్కడ ముంచుకొచ్చిన ప్రమాదం ఊరి పక్కనే, నేల మట్టాన ఉన్నది. ఇక్కడా చూసుకోవాల్సింది అదే.

ముందుగా నీళ్లు ఎక్కడివో అడగండి

మొదటి, మూడో ఇళ్లను రెండోదాని నుంచి వేరు చేసే మొదటి ప్రశ్న ఇదే. నగరపాలక నీళ్లయితే అవి ఎక్కడో చెరువు నుంచి శుద్ధి అయి వస్తాయి, చట్టప్రకారం పరీక్షలు జరుగుతాయి. మీ పక్క బావి సిమెంటు పగిలినా మీ గ్లాసులోకి రావడానికి దారి లేదు. సొంత బోరయితే ఆ నీటిని ప్రభుత్వం తరఫున ఎవరూ పరీక్షించరు. ఆ బాధ్యత మీదే.

2014లో డ్యూక్, ఒహాయో స్టేట్ తదితర విశ్వవిద్యాలయాల శాస్త్రవేత్తలు పెన్సిల్వేనియాలోనూ ఇదే పార్కర్ కౌంటీలోనూ నీటి బోర్లు పరిశీలించారు. గ్యాస్ చేరిన బోర్లు ఎనిమిది సమూహాలుగా కనిపించాయి. కారణం వెతికితే ఎక్కువ చోట్ల గొట్టం చుట్టూ సిమెంటు వైఫల్యమో, గొట్టంలోనే లోపమో తేలింది. రాతి పగుళ్ల గుండా లోతు నుంచి ఎక్కివచ్చిన దాఖలా వాళ్లకు కనిపించలేదు. అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ 2015 ముసాయిదాలో తాగునీటి మీద విస్తృతమైన ప్రభావానికి ఆధారం దొరకలేదని రాసి, శాస్త్ర సలహా మండలి తప్పుపట్టాక, 2016 డిసెంబరు తుది నివేదికలో ఆ వాక్యాన్ని తీసేసింది. కొన్ని పరిస్థితుల్లో తాగునీరు దెబ్బతింటుందని చెప్పి ఆ పరిస్థితులు వివరించింది: ఒలికిపోవడం, దృఢత్వం లేని బావిలోకి పంపడం, వ్యర్థజలాన్ని అడుగున పొర వేయని గుంతల్లో వదలడం, కరువు వేళ నీళ్లు తోడేయడం వంటివి. "ఫ్రాకింగ్ సురక్షితం" అనేవాళ్లు ముసాయిదాను, "విషం" అనేవాళ్లు తుది నివేదికను పట్టుకుని ఇప్పటికీ కొట్లాడుకుంటారు. కొనేవాడికి పనికొచ్చేది ఆ జాబితా.

ఇంకో చిక్కు ఉంది. పార్కర్ కౌంటీలో కొన్నిచోట్ల జలాశయం కిందనే స్ట్రాన్ అనే గ్యాస్ ఉన్న పొర ఉంటుంది. మనిషి చేయి పడకుండానే బోరు నీళ్లలో మీథేన్ కనిపించవచ్చు. కాబట్టి రేపు నీళ్లలో బుడగలు వస్తే కంపెనీ "ఇది సహజం" అంటుంది, మీరు "మీ వల్లే" అంటారు. ముందు పరీక్ష లేకపోతే ఇద్దరి మాటకూ ఒకటే విలువ. 2010లో ఈ కౌంటీలోనే అలాంటి వివాదంలో ఈపీఏ అత్యవసర ఉత్తర్వు ఇచ్చి, 2012లో వెనక్కి తీసుకుంది. చమురు, గ్యాస్‌ను చూసే రాష్ట్ర సంస్థ మాత్రం ఆ గ్యాస్ స్ట్రాన్ పొరదేనంది. సర్కారు సంస్థలే తేల్చుకోలేకపోతే మామూలు కుటుంబం ఏం తేల్చుకుంటుంది?

అందుకే రెండో ఇల్లు కొనేవారికి నా షరతు ఒకటే. బేరం ఖాయం కాకముందే, మీ డబ్బుతో, గుర్తింపు ఉన్న ల్యాబులో, కరిగిన మీథేన్, క్లోరైడ్, మొత్తం కరిగిన లవణాలు, బేరియం, బెంజీన్ కుటుంబపు రసాయనాలు పరీక్ష చేయించాలి. నమూనా ల్యాబు మనిషి తీయాలి, అమ్మేవాడు సీసాలో పట్టి ఇచ్చింది కాదు. మనవాళ్లు చాలామంది "ఆర్ఓ పెట్టుకుంటాం కదా" అంటారు. ఆర్ఓ ఉప్పును ఆపుతుంది, కరిగిన మీథేన్‌ను ఆపదు. ఆ గ్యాస్ షవర్ దగ్గర, బోరు గదిలో బయటకు వచ్చి మూసిన చోట పోగవుతుంది. దానికి గాలి ఊది బయటకు పంపే ఏర్పాటు వేరే ఉంటుంది. బోరు లోతు, తవ్విన సంవత్సరం టెక్సస్ నీటి అభివృద్ధి బోర్డు రికార్డుల్లో వెతికితే చాలావరకు దొరుకుతాయి.

పెన్సిల్వేనియా ఇళ్ల ధరల మీద 2015లో వచ్చిన ఒక ప్రసిద్ధ ఆర్థిక అధ్యయనం చెప్పిందీ ఇదే. గ్యాస్ బావుల దగ్గర సొంత బోరు మీద ఆధారపడిన ఇళ్ల విలువ పడిపోయింది, కుళాయి నీళ్ల ఇళ్లకు స్వల్పంగా పెరిగింది. అంటే రేపు మీరు అమ్మేటప్పుడు కొనేవాడు కూడా ఈ ప్రశ్నే అడుగుతాడు.

తర్వాత దూరం

నీళ్ల పరీక్షలో నెగ్గిన మొదటి ఇల్లు ఇక్కడ చతికిలపడింది.

ఎంత దూరం ఉంటే చాలు అని అడిగితే ఒక్కో ఊరు ఒక్కో అంకె చెబుతుంది. ఫోర్ట్ వర్త్‌లో కొత్త బావికీ ఇంటికీ 600 అడుగులు. డాలస్ నగరం 2013లో 1,500 అడుగులంది. పెన్సిల్వేనియాలో 500. కొలరాడో 2020లో నిబంధనలు మార్చి 2,000 అడుగులు చేసింది, మినహాయింపులతో. కాలిఫోర్నియా 3,200 అంది. ఇవన్నీ రాజకీయం, కోర్టులు, శాస్త్రం కలిసి తేల్చిన అంకెలు. ఏ ఒక్కటీ "ఇక్కడి నుంచి క్షేమం" అని గీసిన గీత కాదు.

పరిశోధనల్లో నాకు గట్టిగా తోచింది 2017లో వచ్చినది. పెన్సిల్వేనియాలో పదకొండు లక్షల జననాలు పరిశీలించారు. ఫ్రాకింగ్ చేసిన బావికి ఒక కిలోమీటరు లోపు ఉన్న తల్లులకు తక్కువ బరువుతో బిడ్డ పుట్టే అవకాశం 25 శాతం పెరిగింది. దూరం పెరిగేకొద్దీ ప్రభావం తగ్గి, మూడు కిలోమీటర్లు దాటాక కనిపించలేదు. 2023లో పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయం బృందం ఉత్పత్తి దశలో ఉన్న బావుల దగ్గరి ఆస్తమా రోగులకు తీవ్రమైన దాడులు వచ్చే అవకాశం నాలుగైదు రెట్లు ఎక్కువని చెప్పింది. మైలు లోపు పిల్లల్లో లింఫోమాతో కూడా సంబంధం కనిపించింది, బాల్య లుకేమియాతో కనిపించలేదు. ఇవి పెన్సిల్వేనియా లెక్కలు. అక్కడి నేల, గ్యాస్, బావుల వయసు వేరు. సంబంధం కనిపించిందంటే కారణం రుజువైందని కూడా కాదు. లింఫోమా అరుదైన జబ్బు, రెట్లలో చెబితే గుండె జారిపోతుంది. అయినా ఆస్తమా ఫలితం ఉత్పత్తి దశలో రావడం నన్ను ఆపింది. ఎందుకంటే బార్నెట్‌లో ఇప్పుడున్నది దాదాపు అంతా ఆ దశే. 2008లో ఇక్కడ ఇంచుమించు 200 రిగ్గులు తవ్వుతుండేవి. ఇప్పుడు కొత్త తవ్వకం చాలా తక్కువ, జోరంతా పశ్చిమ టెక్సస్‌లోని పెర్మియన్‌లో. "పని అయిపోయింది, ఇక భయం లేదు" అనే రియల్టర్ మాట సగమే నిజం.

ఇంకో సగం చట్టంలో ఉంది. డెంటన్ ఓటర్లు 2014 నవంబరులో దాదాపు 59 శాతం ఓట్లతో తమ ఊళ్లో ఫ్రాకింగ్‌ను నిషేధించారు. ఆరు నెలలు తిరగకుండా, 2015 మేలో, రాష్ట్రం హెచ్‌బీ 40 అనే చట్టం చేసి ఊళ్లకు అలాంటి నిషేధాల అధికారం లేకుండా చేసింది. జూన్‌లో డెంటన్ తన నిషేధాన్ని రద్దు చేసుకుంది. ఇప్పుడు ఊరి చేతిలో ఉన్నది శబ్దం, ట్రాఫిక్, లైట్లు, వ్యాపారానికి అడ్డురాని మేరకు దూరం, అంతే. పాత ప్యాడ్ (బావి ముఖాలు ఉండే చదును స్థలం) మీద రేపు కొత్త బావి తవ్వినా, పాతదాన్నే మళ్లీ పగలగొట్టినా మీరు ఆపలేరు. ఇంకో తమాషా చూడండి. కొత్త బావి ఇంటికి ఎంత దూరంలో ఉండాలో చెప్పే నిబంధన ఒకటి, కొత్త ఇల్లు పాత బావికి ఎంత దూరంలో కట్టవచ్చో చెప్పే నిబంధన మరొకటి. చాలా ఊళ్లలో రెండోది బాగా సడలింపు. అందుకే మా తమ్ముడు చూసిన కాలనీలాంటివి పుడతాయి. బావి ముందొచ్చింది, ఇళ్లు తర్వాత వెళ్లి దాని ఒళ్లో కూర్చున్నాయి. ధర తక్కువకు కారణం వంటగది మార్బుల్‌లో వెతకక్కరలేదు.

దూరంతో పాటు గ్యాస్ రకం చూడండి. టారంట్ కౌంటీ గ్యాస్ ఎక్కువగా పొడిది. వైజ్ కౌంటీ, వాయవ్య ప్రాంతాల్లో తడి గ్యాస్, అంటే పెట్రోలు లాంటి ద్రవం కూడా వస్తుంది. ఆ ద్రవాన్ని నింపే ట్యాంకులే బెంజీన్ ఆవిర్లకు ముఖ్యమైన చోటు. ఒక ప్యాడ్‌లో నాలుగు బావి ముఖాలు మాత్రమే ఉండటం వేరు, వాటి పక్కన ట్యాంకుల వరుస, కంప్రెసర్ ఉండటం వేరు. ఇది మ్యాపులో తెలియదు, వెళ్లి చూడాలి. పగలు ఒకసారి, రాత్రి పదింటికి ఒకసారి. పెరట్లో నిలబడి పది నిమిషాలు మాట్లాడకుండా ఉండండి. కంప్రెసర్ సన్నగా రొద పెడుతుంటే అప్పుడు వినిపిస్తుంది. ఉత్తర టెక్సస్‌లో ఏడాదిలో ఎక్కువ రోజులు గాలి దక్షిణం నుంచి వీస్తుంది, కాబట్టి ప్యాడ్‌కు ఉత్తరాన ఉన్న ఇంటికి వాటా ఎక్కువ. మొదటి ఇల్లు సరిగ్గా అక్కడే ఉంది.

ఈ మ్యాపు ఉండేది టెక్సస్ రైల్‌రోడ్ కమిషన్ వెబ్‌సైట్‌లో. 1891లో రైళ్ల కోసం పెట్టిన ఈ సంస్థకు 2005 నుంచి రైళ్లతో ఏ సంబంధమూ లేదు, చూసేది ప్రధానంగా చమురు, గ్యాసే. పేరు చూసి ఇదేదో రైల్వే వాళ్లదిలే అని మా తమ్ముడి భార్య మొదట పక్కన పెట్టేసిందట. అందులో బావులు, పైపులైన్లు, వ్యర్థజలాన్ని లోతుకు పంపే బావులు వేరువేరు గుర్తులతో ఉంటాయి. 2012 ఫిబ్రవరి నుంచి టెక్సస్‌లో తవ్వకం అనుమతి పొంది పగలగొట్టిన బావుల్లో వాడిన రసాయనాల జాబితా ఫ్రాక్‌ఫోకస్ అనే వెబ్‌సైట్‌లో వెతకవచ్చు, వ్యాపార రహస్యం పేరుతో దాచినవి తప్ప. ఇళ్లలో ఎక్కువ భాగానికి దగ్గరి బావులు అంతకు ముందువి కావడం వేరే సంగతి.

భూకంపం సంగతి క్లుప్తంగా

2014-15 శీతాకాలంలో అర్వింగ్‌లో ఉన్న మన వాళ్లకు ఈ భాగం చెప్పక్కరలేదు. 2015 జనవరిలో 3.6 తీవ్రతతో కూడా కదిలింది. అంతకుముందు 2008లో విమానాశ్రయం దగ్గర, 2013-14లో ఏజల్ దగ్గర ఇలాగే కదిలాయి. ఏజల్ కదలికల వెనక పగలగొట్టడం కన్నా వ్యర్థజలాన్ని లోతుకు పంపడం, ఉప్పునీటిని తోడటం ఉన్నాయని సదరన్ మెథడిస్ట్ విశ్వవిద్యాలయం బృందం చెప్పింది. మామూలు ఇంటి బీమాలో భూకంపం సాధారణంగా ఉండదు, విడిగా కలపమని అడగాలి. మూడు ఇళ్ల మధ్య దీనివల్ల పెద్ద తేడా నాకు కనిపించలేదు.

మినరల్ రైట్స్ అనే ఎర

రెండో ఇంటి ప్రకటన మీద మా తమ్ముడు కలలు కట్టుకున్నాడు. టెక్సస్‌లో నేల హక్కు వేరు, నేల కింద ఖనిజ హక్కు వేరు. ఖనిజ హక్కుదారుదే పైచేయి, తవ్వడానికి అవసరమైన మేరకు నేలను వాడుకోవచ్చు. కాలనీ ఇళ్లలో చాలావరకు డెవలపరే ఆ హక్కు ఉంచేసుకుంటాడు, నేల మీద తవ్వనని ఒప్పుకుని. 2008లో ఫోర్ట్ వర్త్ చుట్టుపక్కల లీజు సంతకానికే ఎకరానికి 25,000 డాలర్లకు పైగా పలికిన మాట నిజం. అప్పుడు గ్యాస్ ధర పది లక్షల బీటీయూకు (గ్యాస్‌ను అమ్మే ఉష్ణ కొలమానం) 13 డాలర్ల దాకా వెళ్లింది. 2012 ఏప్రిల్‌లో రెండు డాలర్ల కిందికి పడింది. పైగా షేల్ బావి ఉత్పత్తి మొదటి ఏడాదిలోనే సగానికి పైగా పడిపోతుంది.

ఊహకు ఒక లెక్క వేసి చూపించాను. 300 ఎకరాల యూనిట్ (ఒకే బావుల కింద కలిపిన స్థలాలు), 25 శాతం రాయల్టీ (హక్కుదారుల వాటా), ఏడాదికి పది లక్షల డాలర్ల గ్యాస్ అనుకుందాం. పావు ఎకరం ఇంటికి ఏడాదికి 208 డాలర్లు. రెండెకరాలకు సుమారు 1,667. ఆ ఆదాయం మీద, ఖనిజ వాటా మీద పన్నులు వేరు. "ఇంతేనా అన్నయ్యా" అన్నాడు. ఇంతే, అదీ బావి బాగా పారుతుంటే. అయితే రెండెకరాల స్థలంలో ఖనిజ హక్కు మీ చేతిలో ఉండటానికి డబ్బు కాని విలువ ఒకటుంది: మీ పెరట్లో ఎవరైనా బావి తవ్వాలంటే ముందు మీతో మాట్లాడాలి. ఆ హక్కు నిజంగా వస్తోందా, ఎంత భాగం వస్తోందన్నది ప్రకటన చెప్పదు. టైటిల్ కంపెనీ పత్రంలో షెడ్యూల్ బి (మినహాయింపుల జాబితా) చూడాలి, ఒప్పందానికి జతచేసే ఖనిజ హక్కుల అనుబంధం చదవాలి.

ఎవరికి ఏది

మా తమ్ముడి భార్య ఐదో నెల గర్భిణి, పెద్దవాడికి ఆస్తమా. వాళ్లకు మొదటి ఇల్లు వద్దన్నాను, ఇంకో ముప్పై వేలు తగ్గించినా వద్దన్నాను. పిల్లలు పెద్దవాళ్లయి వెళ్లిపోయిన దంపతులు అడిగితే అంత గట్టిగా అనను. కానీ 400 అడుగులు ఎవరికైనా దగ్గరే, 2,000 అడుగుల లోపు నేనైతే కొనను. రెండో ఇల్లు నీళ్ల పరీక్ష బాగా వచ్చి, ఏడాదికోసారి మళ్లీ చేయించే ఓపిక ఉన్నవాళ్లకు మంచిదే. ఆవులు, కూరగాయల మడులు, ఆకాశం కోరుకునేవాళ్లు ఉంటారు. మా వాళ్లకు ఆ ఓపిక లేదు, నాకు తెలుసు. మూడో ఇంటికి కింద గీత ఉంది, చుక్క కిలోమీటరుకు పైగా దూరంలో, దక్షిణం కాని దిశలో ఉంది, నీళ్లు నగరానివి. అదే తీసుకున్నారు. గది ఒకటి తక్కువైందని అమ్మ కోసం గరాజ్ పక్కన ఏదో సర్దుతున్నారు.

రెండో రకం ఇంటికి మీరు మొగ్గితే తేదీల సంగతి మర్చిపోకండి. టెక్సస్‌లో ఒప్పందం మీద సంతకమయ్యాక కారణం చెప్పకుండా వెనక్కి తగ్గే గడువు సాధారణంగా వారం, పది రోజులే. ల్యాబు ఫలితాలకు కూడా ఇంచుమించు అంత సమయం పట్టవచ్చు. ఇంటి తనిఖీ మనిషిని రెండో రోజు పిలిచినా పరవాలేదు, నీటి నమూనా మాత్రం మొదటి రోజే వెళ్లాలి.